ఆలోచన ఒకచోటే తిరుగుతుంటే

2022 సివిల్ సర్వీసెస్ పరీక్షకు దరఖాస్తు చేసుకున్నవాళ్లు 11,35,697 మంది. ఆ ఏడాది జూన్ 5న ప్రిలిమ్స్ రాసినవాళ్లు 5,73,735 మంది. మెయిన్స్‌కు 13,090 మంది, ఇంటర్వ్యూకు 2,529 మంది మిగిలారు. 2023 మే 23న వచ్చిన తుది జాబితాలో ఉన్న పేర్లు 933. మొదటి పరీక్షకూ చివరి జాబితాకూ మధ్య దాదాపు ఏడాది. ఆ ఏడాదిలో చదువు ఎంత ఉంటుందో, ఎదురుచూపూ అంతే ఉంటుంది.

ఢిల్లీలో ఆ ఎదురుచూపు ఓల్డ్ రాజిందర్ నగర్, కరోల్ బాగ్, ముఖర్జీ నగర్ గల్లీల్లో కాపురం ఉంటుంది. గుంటూరు నుంచి, నల్గొండ నుంచి, శ్రీకాకుళం నుంచి, ఖమ్మం నుంచి తెలుగు పిల్లలు ఏటా ఇక్కడికి వచ్చి దిగుతారు. మంచం, బల్ల వేస్తే నిండిపోయే గది, గోడ మీద మ్యాపులు, టెస్ట్ సిరీస్, ఆప్షనల్ క్లాసు, రొట్టెలు తిని తిని నోరు చచ్చిపోయినప్పుడు అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ భోజనం. వీళ్లు చిన్నప్పటి నుంచీ క్లాసులో ముందు బెంచీ పిల్లలు. ఆలోచించడం వీళ్లకు వచ్చిన విద్య. అయినా కొన్ని రాత్రులు వీళ్ల బుర్ర గంటల తరబడి పనిచేస్తున్నట్టే ఉంటుంది, పని మాత్రం ఒక్కటీ తెమలదు.

ప్రిలిమ్స్ రాసొచ్చిన రాత్రినే తీసుకుందాం. జనరల్ స్టడీస్ పేపర్లో 100 ప్రశ్నలు. ఒక్కోదానికి 2 మార్కులు, తప్పు జవాబు దిద్దితే 0.66 కోత. సాయంత్రానికల్లా కోచింగ్ సెంటర్ల కీలు ఫోన్లోకి వచ్చి పడతాయి. కొన్ని ప్రశ్నలకు ఒక కీ ‘బి’ అంటే ఇంకో కీ ‘సి’ అంటుంది. యూపీఎస్సీ తన అధికారిక కీని, మార్కులను ఏళ్ల తరబడి తుది ఫలితాలు వచ్చాకే బయటపెడుతూ వచ్చింది. అంటే ఆ రాత్రికి లెక్క తేలే మార్గం లేదు. అయినా పరీక్ష రాసిన అమ్మాయి మంచం మీద కూర్చుని మార్కులు మళ్లీ మళ్లీ కూడుతుంది. ‘ఆ ప్రశ్నకు మొదట తట్టిన జవాబే దిద్ది ఉంటే?’ అక్కణ్నుంచి ‘అసలెందుకు అనుమానపడ్డాను?’ అక్కణ్నుంచి ‘నేనెప్పుడూ ఇంతే, చివరి నిమిషంలో చెడగొట్టుకుంటాను.’ ఇంకాసేపటికి ‘నాన్న అప్పు చేసి పంపిస్తున్నాడు, నేనిక్కడ వెలగబెడుతున్నదేమిటి?’ తెల్లవారుజాము మూడయ్యేసరికి తన బతుకంతా బోనులో నిలబెట్టి విచారణ ముగించేసి ఉంటుంది. రేపట్నుంచి మెయిన్స్‌కు చదవడం మొదలుపెట్టాలా వద్దా అన్న అసలు ప్రశ్న దగ్గరికి మాత్రం ఆ విచారణ వెళ్లనే వెళ్లదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని రుమినేషన్ అంటారు. తలపోత అని మనం చెప్పుకోవచ్చు. తన బాధ గురించి, ఆ బాధకు కారణాల గురించి, దాని పర్యవసానాల గురించి అదేపనిగా తలచుకోవడం, దాన్ని తీర్చుకునే పని వైపు అడుగు వేయకపోవడం. దీన్ని గట్టిగా పట్టుకుని పరిశోధించిన మనిషి సుసాన్ నోలెన్-హోక్సిమా. పురుషులకన్నా స్త్రీలలో డిప్రెషన్ దాదాపు రెండింతలు ఎందుకు కనిపిస్తోందన్న ప్రశ్నతో ఆమె 1980లలో ఈ దారి పట్టారు. మనసు కుంగినప్పుడు మనిషి ఎలా స్పందిస్తాడన్నదాన్ని బట్టి ఆ కుంగుబాటు ఎంతకాలం ఉంటుందో, ఎంత లోతుకు పోతుందో తేలుతుందని ఆమె వాదన.

ఆ వాదనకు అనుకోకుండా ఒక పరీక్ష ఎదురైంది. ఆమె అప్పుడు కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నారు. విద్యార్థులకు కొన్ని ప్రశ్నపత్రాలిచ్చి వాళ్ల మానసిక స్థితి, దిగులుగా ఉన్నప్పుడు వాళ్లేం చేస్తారన్నది నమోదు చేసి పెట్టుకున్నారు. ఆ తర్వాత 14 రోజులకు, 1989 అక్టోబర్ 17న, లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. తీవ్రత 6.9. భూకంపానికి ముందే మనుషుల అలవాట్లు కాగితం మీద ఉండటం పరిశోధకులకు ఎప్పుడోగానీ దొరకని అవకాశం. పది రోజుల తర్వాత, మళ్లీ ఏడు వారాల తర్వాత అదే 137 మంది విద్యార్థులను కలిశారు. భూకంపానికి ముందే తలపోత అలవాటున్నవాళ్లలో కుంగుబాటు లక్షణాలు రెండుసార్లూ ఎక్కువగా కనిపించాయి. అప్పటికే వాళ్లెంత దిగులుగా ఉన్నారన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. ఊగిన నేల అందరికీ ఒకటే. ఆ తర్వాత మనసు ఊగుతూ ఉండిపోవడంలో వాళ్ల అలవాటు పాత్ర ఉంది.

ఇక్కడ ఒక మాట. ఆలోచించడమే తప్పని ఈ పరిశోధనలు చెప్పలేదు. 2003లో నోలెన్-హోక్సిమా, ఆమె సహచరులు తమ ప్రశ్నపత్రాన్నే మళ్లీ విడదీసి చూసి, తలపోతలో రెండు పాయలున్నాయని తేల్చారు. ఒకటి, ఏం జరిగిందో నిదానంగా అర్థం చేసుకునే పరిశీలన. రెండోది, ‘నాకే ఎందుకిలా, వాళ్లకెందుకు కాదు’ అని తనను తాను ఇతరులతో పోల్చుకుంటూ కుమిలిపోవడం. రోజులు గడిచేకొద్దీ డిప్రెషన్ వైపు లాగేది ఈ రెండోదే. ప్రయోగశాలలోనూ ఇలాంటి తేడాయే కనిపించింది. అప్పటికే దిగులుగా ఉన్నవాళ్లను ఎనిమిది నిమిషాలపాటు తమ గురించి, తమ మనఃస్థితి గురించి ఆలోచించమంటే వాళ్ల దిగులు ఇంకా పెరిగింది. అంతే దిగులుగా ఉన్న మరికొందరికి ఆ ఎనిమిది నిమిషాలు ఆకాశంలో మబ్బులు కమ్ముకోవడం లాంటి, తమతో సంబంధం లేని దృశ్యాలను ఊహించుకోమంటే తేలికపడ్డారు. దిగులు లేనివాళ్లకు మాత్రం తమ గురించి ఎనిమిది నిమిషాలు ఆలోచించినా ఏమీ కాలేదు.

తలపోత మనసును నొప్పించి ఊరుకుంటే సరిపోయేది. అది మనిషి చేతిలో ఉన్న పనిముట్టును కూడా లాక్కుంటుంది. 1995లో సోన్యా ల్యూబోమిర్‌స్కీ, నోలెన్-హోక్సిమా కలిసి ప్రచురించిన ప్రయోగాల్లో ఇది బయటపడింది. సమస్యలను పరిష్కరించే నేర్పును కొలవడానికి ఒక పరీక్ష ఉంది. కథ మొదలు చెబుతారు, ముగింపు చెబుతారు, మధ్యలో ఏం జరిగి ఉంటుందో మీరు పూరించాలి. ఒక మనిషి కొత్త పేటలోకి ఆ రోజే వచ్చాడు, అక్కడ ఎవరూ తెలియదు. కథ చివరికి అతనికి బోలెడంతమంది స్నేహితులున్నారు. మధ్యలో ఏం చేశాడు? ఢిల్లీలో కొత్తగా దిగిన ఏ తెలుగు కుర్రాడికైనా ఇది కథలా అనిపించదు. దిగులుగా ఉండి తలపోతలో మునిగినవాళ్లు ఈ మధ్య భాగాన్ని పేలవంగా పూరించారు. ‘కొన్నాళ్లకు అదే సర్దుకుంది’ తరహా జవాబులు. అంతే దిగులుగా ఉన్నా, ఎనిమిది నిమిషాలు ధ్యాస మళ్లించుకున్నవాళ్లు మాత్రం దిగులు లేనివాళ్లతో సమానంగా పూరించారు. అంటే నేర్పు ఎక్కడికీ పోలేదు. తలపోత సాగుతున్నంతసేపూ చేతికి అందకుండా ఉందంతే.

ఎందుకు అందదు? దీనికి ఇంగ్లండ్ పరిశోధకుడు మార్క్ విలియమ్స్ 1986 నుంచి చేసిన పని ఒక దారి చూపించింది. కుంగుబాటులో ఉన్నవాళ్లను ‘మీరు సంతోషంగా ఉన్న ఒక సందర్భం చెప్పండి’ అంటే, ఒక రోజును, ఒక చోటును చెప్పలేకపోతారు. ‘చిన్నప్పుడు సెలవుల్లో బాగుండేది’ అంటారు. ఏ సెలవు, ఎవరింట్లో, ఏం జరిగింది అన్నది రాదు. జ్ఞాపకం మొత్తం మోపుగా వస్తుంది గానీ విడివిడిగా రాదు. సమస్యకు పరిష్కారం కట్టుకోవాలంటే కావలసిన సరుకు ఆ విడి జ్ఞాపకాలే. పోయినసారి పాలిటీలో మార్కులు పెరిగినప్పుడు ఏం చేశాను? ఉదయం చదివానా, రాత్రా? ఎవరితో కలిసి రివిజన్ చేశాను? ఈ వివరాలు గుర్తుకు రానివాడికి ‘నేనెప్పుడూ ఇంతే’ అన్న తీర్పు ఒక్కటే మిగులుతుంది.

ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఎడ్వర్డ్ వాట్కిన్స్ దీన్నే ఇంకోవైపు నుంచి పట్టుకున్నాడు. 2005లో మిషెల్ మోల్డ్స్‌తో కలిసి అతను డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఒకే రకమైన విషయాలిచ్చి, రెండు తీరుల్లో ఆలోచించమన్నాడు. ఒక బృందం కారణాలు, అర్థాలు, పర్యవసానాలు తలపోయాలి. రెండో బృందం తమకు ఆ క్షణంలో ఏమనిపిస్తోందో, ఎలా అనిపిస్తోందో గమనించాలి. రెండు బృందాలవాళ్లూ తమ బాధ గురించే ఆలోచించారు. ఆ తర్వాత సమస్యలు ఇస్తే రెండో బృందం బాగా తెమల్చింది. ‘ఎందుకు’ అన్న ప్రశ్న దిగులులో ఉన్న మనిషిని మేఘాల్లోకి తీసుకుపోతుంది. ‘ఎలా, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో’ అన్న ప్రశ్నలు నేల మీద నిలబెడతాయి. దీని ఆధారంగానే వాట్కిన్స్ తలపోత మీద గురిపెట్టే మానసిక చికిత్సను రూపొందించాడు.

తలపోత ఒంటరి మనిషి వ్యవహారమే అనుకుంటే పొరపాటు. రాజిందర్ నగర్ టీ బండి దగ్గర అర్ధరాత్రి దాకా నలుగురు నిలబడి కటాఫ్ ఎంత ఉంటుందో లెక్కలు కడతారు. పోయినేడాది ఫలానా ప్రశ్న ఎంత అన్యాయమో మాట్లాడుకుంటారు, పైగా వయసు మించిపోతోందని బాధపడతారు. ఆ స్నేహం లేకపోతే చాలామంది ఢిల్లీలో నెల రోజులు కూడా నిలవలేరు. అయితే మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన అమాండా రోజ్ 2002లో పిల్లల స్నేహాలను పరిశీలించి చెప్పినదాన్ని గుర్తుంచుకోవాలి. ఒకే సమస్యను స్నేహితులు కలిసి పదే పదే తవ్వుకుంటే స్నేహం చిక్కబడుతుంది, దానితోపాటు దిగులూ ఆందోళనా కూడా ఎక్కువగా కనిపిస్తాయి. మనసు విప్పి చెప్పుకోవడం మానేయమని దీని అర్థం కానే కాదు. చెప్పుకోవడం అయ్యాక ‘సరే, రేపేం చేద్దాం’ అనే స్నేహితుడు ఒక్కడైనా ఆ గుంపులో ఉండాలి.

ఇంటి నుంచి ఫోన్లో వచ్చే సలహా వేరేలా ఉంటుంది. ‘ఎక్కువ ఆలోచించకమ్మా, తిని పడుకో.’ ప్రేమ నిండిన మాటే, కానీ పనిచేయదు. 1987లో డేనియల్ వెగ్నర్ విద్యార్థులను ఒక తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలపాటు ఆలోచించొద్దని అడిగాడు. అది వాళ్ల మనసులోకి వస్తూనే ఉంది. ఆ తర్వాత ఇక ఆలోచించవచ్చని చెప్పగానే, మొదటి నుంచీ దాని గురించే ఆలోచించమన్నవాళ్లకన్నా వీళ్లకే ఎక్కువసార్లు వచ్చింది. అణిచిపెట్టిన తలపు రెట్టింపై తిరిగొస్తుంది. తలపును తరిమేయడం కుదరదు కాబట్టి, దానికి వేరే పని అప్పగించడం నేర్చుకోవాలి.

ఆ పని నేర్పడానికి ఒక చికిత్సే ఉంది, సమస్య-పరిష్కార చికిత్స. 1971లో థామస్ డిజురిల్లా, మార్విన్ గోల్డ్‌ఫ్రైడ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు దానికి పునాది వేశారు. తర్వాత ఆర్థర్ నెజు దాన్ని డిప్రెషన్ చికిత్సగా పెంచాడు. సమస్యలు తీర్చుకోవడంలో మనుషులు తప్పటడుగు వేసే తీరులను వీళ్లు గుర్తుపట్టారు. సమస్యను చూడగానే ఇది నా వల్ల కాదనుకోవడం అన్నిటికన్నా ముందుది. దాని వెంట వచ్చేవి రెండు: తోచిన మొదటి దారిలో దూకేయడం, లేదా రేపటికి, ఎల్లుండికి వాయిదా వేసుకుంటూ పోవడం. వాయిదా వేసేవాడికి ఆ పూట హాయిగానే ఉంటుంది. ఇంటి ఓనర్‌తో అద్దె మాట తేల్చుకోవలసినవాడు ఆయన కంటపడకుండా మెట్లు దిగిపోతాడు. సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది కాబట్టి రాత్రికి తలపోతకు మళ్లీ మేత దొరుకుతుంది. తలపోత, తప్పించుకోవడం ఒకదాన్నొకటి సాకుతుంటాయి. గురుగ్రామ్, నోయిడా ఆఫీసుల్లో మేనేజర్ పంపిన ఒక మెయిల్‌ను పదిసార్లు చదివి జవాబు రాయకుండా ఆదివారమంతా నలిగిపోయేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఈ చికిత్సకు సంబంధించి ప్రపంచంలోనే చెప్పుకోదగ్గ ప్రయోగాల్లో ఒకటి ఢిల్లీలోనే జరిగింది. ఇది మన పత్రికల్లో రావలసినంతగా రాలేదు. గోవాలో 1996లో మొదలైన సంగత్ అనే సంస్థ, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ నాయకత్వంలో, ప్రైడ్ అనే కార్యక్రమం చేపట్టింది. 2018 ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా న్యూఢిల్లీలో ఆరు ప్రభుత్వ పాఠశాలల నుంచి 9 నుంచి 12 తరగతుల పిల్లలను 251 మందిని చేర్చుకున్నారు. పేద బస్తీల పిల్లలు. మానసిక ఇబ్బంది గట్టిగా ఉన్నట్టు పరీక్షలో తేలినవాళ్లు. ఇలాంటి పిల్లలకు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లే దారే ఉండదు.

వాళ్లకు నేర్పింది మూడు మెట్ల పద్ధతి. మొదట సమస్యకు పేరు పెట్టడం. తర్వాత దారులు వెతకడం. ఆ తర్వాత ఒకటి ఎంచుకుని చేసి చూడటం. పిల్లల చేతికి బొమ్మల కథలున్న చిన్న పుస్తకాలు మూడు ఇచ్చారు. సగం మందికి పుస్తకాలు మాత్రమే. మిగతా సగం మందికి పుస్తకాలివ్వడంతో పాటు ఒక కౌన్సిలర్ వాళ్లతో స్కూల్లోనే మూడు వారాల్లో నాలుగైదుసార్లు కూర్చుని మాట్లాడారు. ఒక్కోసారి ఇరవై, ముప్పై నిమిషాలు. ఆ కౌన్సిలర్లు డాక్టర్లు కారు, సైకాలజిస్టులు కారు. డిగ్రీ చదివి, హిందీ మాట్లాడే మామూలు యువతీయువకులు. ముందుగా కొద్దిపాటి శిక్షణ, ఆపైన నిపుణుల పర్యవేక్షణ.

ఆ పద్ధతిని ఒక ఉదాహరణ మీద పెట్టి చూద్దాం. పదకొండో తరగతి పిల్ల ‘ఇంట్లో ఎవరికీ నేనంటే ఇష్టం లేదు’ అంటుంది. ఇది బాధ. దీన్ని ఇలాగే ఉంచితే పట్టుకోవడానికి కొస దొరకదు. ఎప్పుడు అలా అనిపిస్తుందని అడిగితే, సాయంత్రం చదువుకోడానికి కూర్చోగానే తమ్ముణ్ని చూసుకోమనో, నీళ్లు పట్టమనో పిలుస్తారని, ఆ తర్వాత అమ్మతో గొడవవుతుందని చెబుతుంది. ఇప్పుడు సమస్యకు ఒక చోటు, ఒక సమయం వచ్చాయి: సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. దారులు వెతకడంలో కౌన్సిలర్ సలహా ఇవ్వడు, పిల్ల చేతే చెప్పిస్తాడు. అమ్మ తీరికగా ఉన్నప్పుడు అడగడం, తెల్లవారుజామున చదవడం, స్నేహితురాలింట్లో చదవడం, నీళ్ల పని ముందే ముగించడం. ఒక్కోదానికి లాభమేమిటి, చిక్కేమిటి? అమ్మతో ఎప్పుడు, ఏ మాటతో మొదలుపెట్టాలి? మంగళవారం మాట్లాడి, వచ్చేసారి ఏమైందో చెప్పాలి. ఫలించకపోతే రెండో దారి. ఇంతే. వినడానికి తేలికగా ఉంది గానీ, తలపోతలో ఉన్న మనసు తనంతట తాను చేయలేని పని సరిగ్గా ఇదే: బాధను ఒక గంటలోకి, ఒక మనిషి దగ్గరికి, ఒక మాటలోకి కుదించడం.

డేనియల్ మిచెల్సన్, కనికా మలిక్, ఇతర పరిశోధకులు 2020లో లాన్సెట్ కుటుంబానికి చెందిన పత్రికలో ఫలితాలు ప్రచురించారు. ఆరు వారాలకు, పిల్లలు తమను అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తున్నాయని స్వయంగా చెప్పిన సమస్యల తీవ్రత, కౌన్సిలర్‌తో కూర్చున్నవాళ్లలో బాగా తగ్గింది. సాధారణ మానసిక లక్షణాలను కొలిచే ప్రశ్నపత్రంలో మాత్రం అప్పటికి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని దాచకుండా చెప్పడం ఆ ప్రయోగం గొప్పతనం. ఏడాది తర్వాత మళ్లీ చూస్తే సమస్యల విషయంలో మేలు నిలిచే ఉంది. లక్షణాల్లోనూ చిన్నపాటి తేడా కనిపించింది. మూడు వారాల మాటల ప్రభావం పన్నెండు నెలలకు కనిపించడం చిన్న విషయం కాదని ఈ వ్యాసకర్త నమ్మకం. పుస్తకాలు రెండు బృందాల చేతికీ ఒకటే ఇచ్చారు కాబట్టి, తేడా తెచ్చింది ఎదురుగా కూర్చున్న మనిషి అన్నది కూడా స్పష్టం.

జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు ఇదే పనిని అవ్వల చేత చేయించాడు. ఆరోగ్య కేంద్రాల బయట ఒక బల్ల, దాని మీద ఒక అవ్వ, పక్కన కుంగిపోయిన మనిషి, ఆరుసార్లు సమస్య-పరిష్కార సంభాషణ. 24 కేంద్రాల్లో 573 మందితో జరిపిన ఆ ప్రయోగం 2016లో వచ్చింది. ఆరు నెలలకు డిప్రెషన్ లక్షణాలు మిగిలినవాళ్లు అవ్వల బృందంలో దాదాపు 14 శాతం, మామూలు వైద్యం అందిన బృందంలో 50 శాతం. గోవాలోనూ సంగత్ శిక్షణ ఇచ్చిన సామాన్యులు తీవ్ర డిప్రెషన్ ఉన్నవాళ్లకు సహాయపడగలరని 495 మందితో చేసిన ప్రయోగం 2017లో రుజువు చేసింది.

తలపోత సాగుతున్నప్పుడు మెదడులో ఏం జరుగుతుందన్నది కూడా కొంతవరకు తెలిసింది. మనం ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగాల గుంపు ఒకటుందని అమెరికాలో మార్కస్ రైకెల్ బృందం 2001లో వివరించింది. మన గతం, మన గురించిన తలపులు అక్కడ నడుస్తాయి. డిప్రెషన్‌లో ఈ గుంపుకూ, నుదుటి వెనక లోతుగా ఉండి విచారంతో ముడిపడిన ఒక చిన్న ప్రాంతానికీ పొత్తు బిగుసుకుంటుంది. 2015లో గ్రెగరీ బ్రాట్‌మన్ 38 మందితో ఒక ప్రయోగం చేశాడు. కొందరు స్టాన్‌ఫర్డ్ దగ్గరి పచ్చిక మైదానాల్లో, మిగతావాళ్లు వాహనాల రద్దీ ఉన్న రోడ్డు పక్కన, 90 నిమిషాలు నడిచారు. పచ్చికలో నడిచినవాళ్లలో తలపోత తగ్గింది, ఆ చిన్న ప్రాంతంలో చురుకుదనమూ తగ్గింది. ఓల్డ్ రాజిందర్ నగర్‌కు దగ్గర్లోనే ఢిల్లీ రిడ్జ్ అడవి ఉంది. కోచింగ్ పిల్లల్లో ఎంతోమంది ఏళ్ల తరబడి దాని పక్కనే ఉండి ఒక్కసారీ అటు వెళ్లరు. నడక డిప్రెషన్‌ను నయం చేస్తుందని చెప్పలేం. సుడిలో ఉన్న మనసుకు గంటన్నర ఊపిరి ఇస్తుందని చెప్పవచ్చు, గాలి మరీ పాడుకాని నెలల్లో.

ఇంతా చెప్పాక ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. కుంగిపోయినవాణ్ని ‘నువ్వు ఆలోచించే తీరు సరిగా లేదు’ అని నిందించడానికి ఈ శాస్త్రాన్ని వాడుకోవడం అన్యాయం. డిప్రెషన్‌కు వంశపారంపర్యం, శరీర రోగాలు, ఆత్మీయుల మరణం, అప్పు, హింస, కుల అవమానం, నిద్రలేమి, ఇలా ఎన్నో దారులున్నాయి. తలపోత ఆ దారుల్లో ఒకటి, మిగతా దారుల్లో వచ్చినదాన్ని ముదరబెట్టేదీ అదే. కుంగుబాటు తిరిగి తలపోతను పెంచుతుంది. పైగా కొన్ని సమస్యలు ఒక మనిషి కాగితం మీద రాసుకుంటే తీరేవి కావు. 2024 జూలై 27 సాయంత్రం ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాననీళ్లు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ బేస్‌మెంట్ సమస్యకు పరిష్కారం మురుగు కాలువల్లో, భవన అనుమతుల్లో ఉంది. ఆ తర్వాత రోజుల తరబడి విద్యార్థులు రోడ్డు మీద కూర్చుని అడిగింది అదే. తన చేతిలో ఉన్నదేది, పదిమంది కలిసి అడగవలసినదేది అని విడదీసుకోవడం కూడా సమస్య-పరిష్కారంలో భాగమే.

మాటలతో తీరని దశ కూడా ఉంటుంది. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, ఏకాగ్రత కుదరకపోవడం, బతకడం వృథా అనిపించడం కనిపిస్తే అది వైద్యుడు చూడవలసిన జబ్బు. మందులు, మానసిక చికిత్స రెండూ పనిచేస్తాయి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో దేశంలో 20 మందిలో ఒకరు డిప్రెషన్ బారిన పడుతున్నారని, వాళ్లలో సుమారు 85 శాతానికి చికిత్సే అందడం లేదని తేలింది. ఢిల్లీలో దిల్షాద్ గార్డెన్‌లోని ఇహ్బాస్, ఎయిమ్స్ మానసిక విభాగం ప్రభుత్వ వైద్యం అందిస్తాయి. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. చనిపోవాలన్న తలపు వచ్చినవాళ్లు మర్నాటి దాకా ఆగకూడదు.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు, అన్నలు, అక్కలు ఫోన్లో అడిగే ప్రశ్నను కాస్త మార్చినా ఎంతో సాయం. ‘ఎందుకు పోయింది రా? ఎక్కడ తప్పు చేశావు?’ అని అడిగితే వాడు ఆ రాత్రి అదే తవ్వుకుంటాడు. ‘ఈ వారం టెస్ట్ ఎప్పుడు? రేపు పొద్దున ఏం చదవాలనుకుంటున్నావు? గదిలో తోడెవరున్నారు?’ అని అడిగితే జవాబు ఒక రోజు మీద, ఒక పుస్తకం మీద, ఒక మనిషి మీద ఆగుతుంది. ఇక పరీక్ష మానేయాలా వద్దా అన్న పెద్ద ప్రశ్నను రాత్రి పదకొండింటికి ఫోన్లో తెగ్గొట్టకూడదు. జనరల్ కేటగిరీకి ఆరు అటెంప్ట్‌లు, ఓబీసీకి తొమ్మిది. ఎన్నోదాని తర్వాత ఆపాలి, ఆపితే ఏం చేయాలి, ఎవరిని కలవాలి అన్నది పగటిపూట, కాగితం మీద, ఇంటివాళ్లంతా కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. రెండో దారి కళ్లముందు రాసి ఉన్న అభ్యర్థికి మొదటి దారి మీద నడవడమూ తేలికవుతుంది.

2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినదే. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం గురించి ఆమె తండ్రి వేసిన కేసు. కోచింగ్ సెంటర్లు సహా, వందా అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థా శిక్షణ పొందిన కౌన్సిలర్‌ను, సైకాలజిస్టును లేదా సోషల్ వర్కర్‌ను కనీసం ఒకరిని పెట్టుకోవాలని ఆ ఆదేశం. అంతమంది నిపుణులు ఎక్కడ దొరుకుతారని సంస్థలు అడుగుతాయి. నిపుణులు పైనుంచి పర్యవేక్షిస్తే మొదటి మాట మాట్లాడే పని డిగ్రీ చదివిన యువతీయువకులు చేయగలరని ఢిల్లీ బడుల్లో తేలింది. పరీక్షలు రాసి రాసి ఆపేసి, ఆ గల్లీల్లోనే పాఠాలు చెబుతున్న తెలుగు అన్నలు, అక్కలు ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఉన్నారు. వాళ్లకు ఆ మూడు మెట్లు నేర్పించి, కోచింగ్ సెంటర్లోనే ఒక గది, వారానికి కొన్ని గంటల జీతం ఇచ్చి, తెలుగు పిల్లలతో తెలుగులో మాట్లాడించడానికి ఏ కొత్త చట్టం కోసమూ ఆగనక్కర్లేదు.